దోమ పేరున్న బాంబర్‌ని నేల మీద నడపడం

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం ఫ్లైట్ సిమ్యులేటర్లు నడిపే కుర్రాళ్ళు, పాలిటెక్నిక్ విద్యార్థులు కలుసుకున్నప్పుడు ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు నడిపే ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చోండి.

యుద్ధ విమానాల గురించి చెప్పమని నన్ను పిలిచారు. గాల్లో పోరాటాలు, బాంబులు వెయ్యడం, అవన్నీ నేను చెప్పను. విమానం నేల వదిలేలోపు జరిగేదే చెప్తాను. పార్కింగ్ నుంచి రన్‌వే దాకా, రన్‌వే మొదట్నుంచి చక్రాలు పైకి లేచేదాకా. అంతే. ఎందుకంటే మీలో చాలామంది డీసీఎస్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్లో మస్కీటో కొనుక్కున్నారు. నాలుగు రోజులు ప్రయత్నించారు. ప్రతిసారీ రన్‌వే పక్క గడ్డిలోకి పోయింది, రెక్క నేలకి తగిలింది. ఇక లాభం లేదని వదిలేశారు. అవునా కాదా? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఉన్నారు. ఈ మాటలు ఆ సగం మంది కోసమే.

ముందు విమానం గురించి రెండు మాటలు. మస్కీటో అంటే దోమ. బ్రిటన్‌లో డీ హావిలాండ్ కంపెనీ తయారుచేసింది. 1940 నవంబర్ 25న హాట్‌ఫీల్డ్‌లో మొదటిసారి ఎగిరింది. నడిపింది జెఫ్రీ డీ హావిలాండ్, కంపెనీ పెట్టినాయన కొడుకు. మొత్తం 7,781 విమానాలు చేశారు. రెండు మెర్లిన్ ఇంజన్లు, ఒక్కోటి పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. మనుషులు ఇద్దరే. పైలట్ ఎడమవైపు, నావిగేటర్ కుడివైపు. మొదట్లో వచ్చిన బాంబర్ రకాల్లో తుపాకులే లేవు. శత్రువుకి అందకుండా పారిపోయే వేగమే దాని రక్షణ. మనం సిమ్యులేటర్లో నడిపేది ఎఫ్‌బీ సిక్స్ అనే రకం. దానికి తుపాకులూ ఉన్నాయి, బాంబులూ ఉన్నాయి.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఈ విమానం ఒళ్ళంతా కర్రే. మధ్యలో బాల్సా కర్ర, దానికి అటూ ఇటూ బర్చ్ ప్లైవుడ్. ఒంటిని నిలువునా రెండు చెక్కలుగా అచ్చు మీద చేసి, లోపలి వైర్లూ గొట్టాలూ బిగించాక, రెండు చెక్కల్నీ కలిపి జిగురుతో అతికించేవారు. మనకి ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండపల్లిలో ఏం చేస్తారు? తేలికైన పొణికి కర్ర తీసుకుని, ముక్కలు ముక్కలుగా చెక్కి, రంపప్పొట్టులో చింతగింజల జిగురు కలిపి అతికిస్తారు. తేలిక కర్ర, మంచి జిగురు, చేతి పనితనం. నేను ఇనుము పని చేసేవాణ్ణే, కానీ ఆ పనికి దణ్ణం పెడతాను. అయితే 1944లో ఈ విమానాలు మన దేశానికి వచ్చినప్పుడు ఈ ఎండకీ ఈ తేమకీ రెక్కల అతుకుల దగ్గర ఇబ్బంది వచ్చింది. కొన్ని విమానాలు గాల్లోనే విరిగిపోయాయి, మనుషులు పోయారు. ఎగరడం ఆపి, పరీక్ష చేసి, అతుకు మీద అదనంగా ప్లైవుడ్ పట్టీ వెయ్యాల్సి వచ్చింది. మన ఎండాకాలం అంటే ఏమిటో ఆ ఇంజనీర్లకి అప్పుడు తెలిసింది.

సరే, అసలు సంగతికి వద్దాం. ఇంజన్లు స్టార్ట్ చెయ్యడం గురించి నేను మాట్లాడను. అది వరసలో స్విచ్‌లు వెయ్యడం, రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఒక్కటి మాత్రం చెప్తాను. రేడియేటర్ తలుపులు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ విమానానికి రేడియేటర్లు ఇంజనుకీ ఒంటికీ మధ్య, రెక్క ముందు అంచులో ఉంటాయి. నేల మీద మెల్లగా పోతుంటే వాటిలోకి గాలి సరిగ్గా పోదు. సిమ్యులేటర్లో మన బెజవాడ మే నెల వేడి, 42 డిగ్రీలు పెట్టుకుని చూడండి. రన్‌వే చివర ఎవరికోసమో ఆగారనుకోండి, టెంపరేచర్ ముల్లు మీ కళ్ళముందే పైకి పోతుంది.

ఇప్పుడు టాక్సీ. నేల మీద నడపడం. దీన్ని అందరూ ఏదో తప్పనిసరి పనిలా తొందరగా ముగించేస్తారు. నేనూ అలాగే చేశాను. ఎప్పుడెప్పుడు రన్‌వే ఎక్కుదామా అని. టేకాఫ్ నేర్పేది రన్‌వే అనుకున్నాను. కాదు. టేకాఫ్‌లో మీ కాళ్ళు చెయ్యాల్సిన ప్రతి పనీ టాక్సీలో నెమ్మదిగా, భయం లేకుండా నేర్పిస్తుంది ఈ విమానం. అక్కడ నేర్చుకోకపోతే ఇంకెక్కడా నేర్చుకోలేం.

ఎందుకంటారా? దీనికి పెద్ద చక్రాలు రెండు ముందు ఉన్నాయి, చిన్న చక్రం తోక కింద ఉంది. బరువంతా ఎక్కడుంది? పెద్ద చక్రాల వెనక ఉంది. ఇక్కడ పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? ట్రాక్టర్ వెనక ట్రక్కు తగిలించి రివర్స్ చేశారా ఎప్పుడైనా? చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ముందుకు పోయేటప్పుడు ట్రక్కు బుద్ధిగా వెనకాలే వస్తుంది. రివర్స్‌లో కాస్త వంకర వచ్చిందంటే ఆ వంకర దానంతటదే పెరుగుతుంది, తగ్గదు. మస్కీటో ముందుకు పోతున్నా సరే, రివర్స్‌లో ఉన్న ట్రక్కు లాంటిదే. ముక్కు కొంచెం పక్కకి తిరిగితే వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది. పట్టించుకోకపోతే గిర్రున తిరిగిపోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. తోక చక్రం కూడా ఎటు కావాలంటే అటు తిరిగిపోయే రకం, మీకేమీ సాయం చెయ్యదు.

మరి తిప్పేదెలా? మళ్ళీ ట్రాక్టర్ దగ్గరికే వస్తాను. ట్రాక్టర్‌కి బ్రేకు పెడళ్ళు ఎన్ని? రెండు. రోడ్డు మీద పోయేటప్పుడు రెండిటినీ కలిపి కొక్కెం వేస్తాం. పొలంలో సాలు చివరికి వచ్చాక కొక్కెం తీసి, ఎడమది ఒక్కటే తొక్కితే ఎడమ చక్రం ఆగి బండి అక్కడికక్కడే ఎడమకి తిరుగుతుంది. మస్కీటోలోనూ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ బ్రేకు కాలితో కాదు, చేత్తో. కంట్రోల్ స్టిక్కుకి ఒక లీవరు ఉంటుంది, సైకిల్ బ్రేకులాగా పట్టి నొక్కాలి. కాళ్ళ కింద ఉండే చుక్కాని పెడళ్ళు మధ్యలో ఉంటే గాలి రెండు చక్రాలకీ సమానంగా పోతుంది. ఎడమ పెడల్ తొక్కి లీవరు నొక్కితే ఎడమ చక్రానికే ఎక్కువ పోతుంది. గాలి అన్నాను, గమనించారా? ఇవి గాలి బ్రేకులు, లారీకి ఉన్నట్టు. ట్యాంకులో ఉన్న గాలి అయిపోతే బ్రేకు లేదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కంప్రెసర్ నింపేది కొంచెమే. లీవరు పట్టుకునే టాక్సీ చేసేవాళ్ళని చాలామందిని చూశాను. రన్‌వే దగ్గరికి వచ్చేసరికి గాలి గేజీ పడిపోయి ఉంటుంది.

ఇక్కడ పరికరం సంగతి చెప్పి తీరాలి. చాలామంది బ్రేకుని కీబోర్డులో ఒక మీటకి పెడతారు. మీట నొక్కితే ఏమవుతుంది? పూర్తి బ్రేకు. వదిలితే ఏమీ లేదు. మధ్యలో ఏదీ ఉండదు. పూర్తి బ్రేకు పడగానే తోక లేస్తుంది, ముక్కు నేలకి కొడుతుంది. దయచేసి దాన్ని ఏదో ఒక యాక్సిస్‌కి, అంటే ఎంత కదిపితే అంతే పనిచేసే లీవరుకి పెట్టండి. నేనేం చేశానో చూపిస్తాను. ఇదిగో, ఇది సైకిల్ బ్రేకు లీవరు, పాతది. దీన్ని జాయ్‌స్టిక్‌కి క్లాంపుతో బిగించాను. లీవరు మొదట్లో, ఈ పిన్ను పక్కన, చిన్న అయస్కాంతం అతికించాను. ఎదురుగా హాల్ సెన్సార్. లీవరు ఎంత నొక్కితే అయస్కాంతం అంత దగ్గరవుతుంది, సెన్సార్ అంత చెప్తుంది. అరిగేది ఏదీ లేదు. ఇవి పెడళ్ళు. పాత సీలింగ్ ఫ్యాన్ బేరింగులు, మధ్యకి లాగడానికి రెండు స్ప్రింగులు. ఈ స్ప్రింగు దగ్గర మూడుసార్లు మార్చాను. గట్టిగా ఉంటే చిన్న కదలిక కుదరదు, మెత్తగా ఉంటే మధ్య ఎక్కడుందో కాలికి తెలియదు. ఇలా చెప్పు లేకుండా, మడమ నేల మీద ఆనించి, వేళ్ళ మొదలుతో తొక్కితే కదలిక తెలుస్తుంది. బూట్లతో తెలియదు.

పెడళ్ళు లేనివాళ్ళు మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో కూడా చెయ్యొచ్చు, కష్టపడితే. కానీ ఇంజన్ శక్తి పెంచే థ్రాటిల్ మాత్రం రెండు లీవర్లది ఉండాలి. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

టాక్సీ మొదలుపెట్టగానే తిప్పకండి. ముందు నాలుగడుగులు తిన్నగా పోనివ్వండి, తోక చక్రం సర్దుకుంటుంది. ఎడమకి తిరగాలంటే కుడి ఇంజన్ కొద్దిగా పెంచండి, ఎడమ పెడల్, బ్రేకు ఒక్క క్షణం పట్టి వదలండి. పట్టి ఉంచొద్దు. ఇప్పుడు అసలు కిటుకు. ముక్కు మీరు కోరిన దిక్కుకి వచ్చాక ఆపుదామంటే ఆలస్యమైపోయినట్టే. అది వచ్చేలోపే, ఇంకా ఇరవై ముప్ఫై డిగ్రీలు ఉందనగానే, రెండో పెడల్ తొక్కి ఆ తిరుగుడుని చంపాలి. మొదలుపెట్టింది మీరైనా ఆపకపోతే అది ఆగదు. ప్రకాశం బ్యారేజీ పైన నదిలో పడవ నడిపేవాళ్ళని చూడండి. పడవ రేవుకి తిరిగాక తెడ్డు మార్చరు, తిరుగుతూ ఉండగానే మారుస్తారు.

నేను పదకొండు రాత్రులు టాక్సీ తప్ప ఇంకేమీ చెయ్యలేదు. షాపు మూసి, అన్నం తిని, రోజూ అరగంట. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. మొదట్లో ఎనిమిదికి పదిహేను సార్లు బ్రేకు పట్టేవాణ్ణి. చివరికి మూడు నాలుగు సార్లతో అయిపోయేది. ఆ తర్వాతే రన్‌వే ఎక్కాను.

ఇప్పుడు రన్‌వే. థ్రాటిల్ తోశారు, విమానం ఎడమకి పోయింది. ఎప్పుడూ ఎడమకే, కుడికి కాదు. ఎందుకు? ఎవరైనా చెప్తారా? ఆ బాబు... టార్క్, అంటే తిప్పుడు బలం. కరెక్టే, కానీ అది కథలో పావు వంతే. రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. పైలట్ సీట్లోంచి చూస్తే గడియారం ముల్లులాగా. దాని ప్రతిక్రియగా విమానం ఎడమకి ఒరగాలని చూస్తుంది, ఎడమ చక్రం మీద బరువు పడుతుంది, అటు లాగుతుంది. ఇది ఒకటి. తోక కిందికి ఉన్నప్పుడు ప్రొపెల్లర్లు ఆకాశం వైపు చూస్తుంటాయి కదా, అప్పుడు ప్రొపెల్లర్‌లో కిందికి దిగే రెక్క, అంటే కుడివైపుది, గాలిని ఎక్కువ పట్టుకుంటుంది. రెండు ఇంజన్లలోనూ అంతే. లాగుడు కుడివైపుకి జరుగుతుంది, ముక్కు ఎడమకి పోతుంది. ఇది రెండోది.

మూడోది చూపిస్తాను. ఇది సైకిల్ చక్రం. ఇరుసు రెండు కొసలు నా చేతుల్లో ఉన్నాయి, ఒక కొస మీ వైపు ఉంది, అదే విమానం ముక్కు అనుకోండి. నావైపు నుంచి గడియారంలా తిప్పుతున్నాను. బాబూ, నువ్వు వచ్చి గట్టిగా తిప్పు. చాలు. ఇప్పుడు ముందు కొసని కిందికి వంచుతున్నాను. చూశారా, వంగడం కాదు, నా చేతుల్లోంచి ఎడమకి మెలితిరుగుతోంది. నేను తిప్పలేదు, దానంతటదే. విమానం పరిగెడుతూ తోక పైకి లేపినప్పుడు ప్రొపెల్లర్ సరిగ్గా ఇదే చేస్తుంది. అందుకే తోక లేచిన క్షణంలో ఇంకోసారి ఎడమకి కొడుతుంది. మీరు స్టిక్కు ఒక్కసారిగా తోసి తోకని గబుక్కున లేపితే దెబ్బ కూడా గబుక్కున పడుతుంది. దాన్నే లేవనివ్వండి, చిన్నగా సాయం చెయ్యండి.

ఇవన్నీ ఒంటి ఇంజన్ విమానాల్లోనూ ఉంటాయి. స్పిట్‌ఫైర్ నడిపినవాళ్ళు, మాకు తెలుసులే అనుకుంటారు. కానీ ఇక్కడ తేడా ఉంది, అదే మిమ్మల్ని గడ్డిలోకి తీసుకెళ్ళింది. స్పిట్‌ఫైర్‌లో ప్రొపెల్లర్ విసిరే గాలి తిన్నగా వెళ్ళి తోక మీది చుక్కానికి, అంటే రడ్డర్‌కి, తగులుతుంది. విమానం కదలకపోయినా చుక్కానికి గాలి ఉంది, పెడల్ తొక్కితే పని చేస్తుంది. మస్కీటోలో ప్రొపెల్లర్లు రెక్కల మీద ఉన్నాయి, చుక్కాని నడిమధ్య ఉంది. ఆ రెండు గాలుల మధ్య ఖాళీలో ఉంది. వేగం వచ్చేదాకా దానికి సరైన గాలే అందదు. మొదటి కొన్ని సెకన్లు మీరు కుడి పెడల్ నేలకి అంటేలా తొక్కినా అది ఏమీ చెయ్యలేదు. పెడల్ తొక్కాను, విమానం వినలేదు అంటారు. వినే పరిస్థితిలో అది లేదు.

మరి అప్పుడు దాన్ని ఎవరు పట్టుకోవాలి? ఇంజన్లే. ఎడమ ఇంజన్ ముందు పెంచాలి. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి వెనకపడితే బండి అటు లాగుతుంది, అప్పుడు రైతు ఆ ఎద్దునే ముందు అదిలిస్తాడు. ఎడమకి లాగుతోంది కాబట్టి ఎడమ ఎద్దుని అదిలించాలి. ఎడమ లీవరు కుడి దానికన్నా ఒక అంగుళం ముందు. ఇద్దరూ కలిసి ముందుకు పోతారు, కానీ ఎడమది ముందుంటుంది. అందుకే రెండు లీవర్ల థ్రాటిల్ కావాలన్నాను.

ఈ కష్టం డీ హావిలాండ్ వాళ్ళకీ తెలుసు. తర్వాత వాళ్ళు హార్నెట్ అనే విమానం చేసినప్పుడు రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిక్కుల్లో తిరిగేలా ఇంజన్లు పెట్టారు. మస్కీటోకి ఆ సౌకర్యం లేదు. దానికి మన కాళ్ళూ చేతులే ఉన్నాయి.

ఇప్పుడు మొత్తం ఒకసారి పరిగెడదాం, కళ్ళు మూసుకుని వినండి. రన్‌వే ఎక్కి నాలుగు గజాలు తిన్నగా పోయి ఆగారు, తోక చక్రం సరిగ్గా ఉంది. రడ్డర్ ట్రిమ్, అంటే చుక్కానిని కాస్త ఒక పక్కకి సర్ది ఉంచేది, కొంచెం కుడికి. ప్రొపెల్లర్ లీవర్లు పూర్తిగా ముందుకి. గుర్తుంచుకోండి, మీరు ఎడమ సీట్లో ఉన్నారు, విమానం ముక్కు మీకు కాస్త కుడివైపు కనపడుతుంది. ముక్కుతో గురి చూస్తే వంకరపోతారు. మీ కళ్ళకి ఎదురుగా, రన్‌వే చివర, దూరంగా ఏదో ఒకటి పట్టుకోండి, చెట్టో గోపురమో. గేజీలు చూడొద్దు. బ్రేకు వదిలి థ్రాటిల్ తోయడం మొదలుపెట్టండి, నెమ్మదిగా, ఎడమది ముందు. ఎంత నెమ్మదిగా? ఊపిరి తీసుకున్నంత నెమ్మదిగా. ముక్కు ఎడమకి వెంట్రుకవాసి కదిలిందా, ఎడమ లీవరు ఇంకొంచెం. గంటకి అరవై డెబ్భై మైళ్ళ వేగం దగ్గర పెడల్‌కి ప్రాణం వస్తుంది. కాలికి తెలుస్తుంది, నిజంగా తెలుస్తుంది. అప్పుడు కుడి లీవరుని ఎడమ దానితో కలిపెయ్యండి, పని కాళ్ళకి అప్పగించండి. తోక తేలుతుంది, ఎడమకి ఒక తోపు వస్తుంది, వస్తుందని ముందే తెలుసు కాబట్టి కుడి కాలు అప్పటికే అక్కడ ఉంటుంది. 120 మైళ్ళ చుట్టుపక్కల అదే నేల వదిలేస్తుంది. లాగొద్దు.

బూస్ట్ గేజీలో, అంటే ఇంజన్లోకి గాలి ఎంత ఒత్తిడితో పోతోందో చూపే గేజీలో, ప్లస్ 9 చాలు, తేలికగా ఉన్న విమానానికి. ప్లస్ 18 దాకా పోవాలని ఉంటుంది అందరికీ. శక్తి పెరుగుతున్న కొద్దీ ఎడమ లాగుడూ పెరుగుతుంది. నేర్చుకునేటప్పుడు వద్దు.

ఒక్క తప్పు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గడ్డిలోకి పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎడమవైపు గడ్డిలోకి కాదు, కుడివైపు గడ్డిలోకి పోయారు. ఔనా? ఎడమకి లాగింది, కంగారుపడి కుడి పెడల్ మొత్తం తొక్కారు. సరిగ్గా అదే సమయానికి చుక్కానికి గాలి అందింది. ముక్కు కుడికి దూకింది. ఇప్పుడు ఎడమ మొత్తం తొక్కారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ ఊగిసలాట మూడోసారి వచ్చిందంటే ఆ పరుగు ఇక బాగుపడదు. రెండు లీవర్లూ వెనక్కి లాగేసి ఆపండి. ఆపడం ఓటమి కాదు బాబూ. నిజం పైలట్లు అదే చేసేవారు, చేసినవాళ్ళే మళ్ళీ ఎగిరారు.

అసలు మొదటి రోజు టేకాఫ్ చెయ్యొద్దు. సగం థ్రాటిల్, గంటకి అరవై మైళ్ళ వేగం దాకా పరుగు, మూసేసి తిన్నగా ఆపండి. అదే పది సార్లు. యుద్ధంలో దెబ్బతిన్న బాంబర్ల కోసం ఇంగ్లండ్‌లో మాన్‌స్టన్, వుడ్‌బ్రిడ్జ్ లాంటి చోట్ల 250 గజాల వెడల్పు రన్‌వేలు కట్టారు. మామూలు పెద్ద రన్‌వేలు ఈరోజుకీ 45 మీటర్లే. కాబట్టి ఎంత వెడల్పు దొరికితే అంత వెడల్పు ఉన్నచోట మొదలుపెట్టండి.

ఏమ్మా, ఏదో అడగబోయావు? ఆ, ఒక ఇంజన్ ఆగిపోతే? మంచి ప్రశ్న. మస్కీటో నేల వదిలే వేగానికీ, ఒక్క ఇంజన్‌తో దాన్ని అదుపు చెయ్యగల వేగానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ మధ్యలో ఇంజన్ పోతే రెండోదాని బలమే విమానాన్ని తిరగేస్తుంది. అందుకే లేవగానే నిలువుగా ఎక్కరు. చక్రాలు మడిచి, నేలకి దగ్గరగా తిన్నగా పోతూ వేగం కూడబెట్టుకుంటారు. అప్పుడే పైకి. సిమ్యులేటర్లో మనకి ప్రాణభయం లేదు కాబట్టి ఈ అలవాటు చేసుకోం. కానీ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు, మీ ఈడు పిల్లలు, నిండా పెట్రోలు, బాంబులతో చీకట్లో ఈ పని చేశారు. అది తలుచుకునే నేను ప్రతిసారీ ఆ తిన్నటి పరుగు తీస్తాను.

ఇంకా చాలా ఉంది, కానీ మాటలతో కాళ్ళకి రాదు. ఇక్కడ కంప్యూటర్ సిద్ధంగా ఉంది, విమానం రన్‌వే మీద ఉంది, ఇంజన్లు తిరుగుతున్నాయి. అమ్మాయ్, ప్రశ్న అడిగింది నువ్వే కదా, రా. చెప్పులు అక్కడ వదిలెయ్యి. మడమలు నేల మీద పెట్టు. ఊఁ, అలాగే. కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకో, మోకాలు వంగి ఉండాలి. ఆ చివర చెట్లు కనపడుతున్నాయా? వాటినే చూడు, నన్ను చూడకు. ఎడమ లీవరు ఒక అంగుళం ముందు. సరే. ఇప్పుడు బ్రేకు వదులు.